కొసమెరుపు మోజులో పడకు

అమ్మలూ, నీ కథ చదివాను. ఆఖరి పేరాలో ‘ఇదంతా కల’ అన్నావు. కొసమెరుపు అదిరిందని నీ స్నేహితులు మెచ్చుకున్నారట. నాకైతే సినిమా మంచి పట్టులో ఉండగా కరెంటు పోయినట్టయింది.

దొంగ పోలీసు జీపే ఎత్తుకుపోతే పేపర్లో ‘కొసమెరుపేమిటంటే’ అని రాస్తారు. అక్కడ చివర్లో ఏదో ఒక వింత ఉంటే చాలు. కథలో అలా కుదరదు. ముగింపు చదివినవాడు వెనక్కి వెళ్లి, ‘అరే, ఇది ముందే చెప్పాడే!’ అనుకోవాలి.

మొపాసా 1884లో రాసిన ‘నెక్లెస్’ కథ తెలుసుగా. ఎరువు తెచ్చుకున్న వజ్రాల హారం పోగొట్టుకుంటుంది మథిల్డ్. మొగుడూ పెళ్లాలు 36,000 ఫ్రాంకులు పోసి అలాంటిదే కొనిచ్చేస్తారు. ఆ అప్పు తీర్చడానికి పదేళ్లు గొడ్డుచాకిరీ. తీరా చూస్తే పోయింది నకిలీ హారం, మహా అయితే 500 చేస్తుంది! అందరూ ఈ ముగింపునే చెప్పుకుంటారు. నువ్వు మాత్రం నడుమ చూడు. పెట్టెలో పేరున్న నగల వర్తకుడి దగ్గరికి వెళితే, పెట్టె తనదేగానీ హారం తను అమ్మింది కాదంటాడు. కొత్త హారం తిరిగిచ్చినప్పుడు స్నేహితురాలు పెట్టె తెరిచి కూడా చూడదు. ఆనవాళ్లు మన కళ్లెదుటే ఉన్నాయి. మథిల్డ్ కంగారులో మనమూ కొట్టుకుపోయి పట్టించుకోలేదు, అంతే.

మన గురజాడ 1910లోనే ‘దిద్దుబాటు’లో ఈ పని చేశాడు. భార్య ఇల్లు విడిచిపోయిందని గోపాలరావు లబలబలాడినంతసేపూ ఆవిడ మంచం కిందే ఉంది. చివర్లో ఆవిడ నవ్వు వినపడ్డాక అతని ఏడుపంతా మనకు మరోలా వినిపిస్తుంది. అలాగని ఆ ఏడుపులోని పశ్చాత్తాపం అబద్ధమైపోలేదు, గమనించావా?

నీ కథలో రాజ్యం ఇల్లు అమ్ముకునే చోట నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. కల అనేసరికి నా కన్నీళ్లు వాపసు అడగాలనిపించింది. కథ మొత్తంలో నిద్ర ఊసే లేదు, ఎక్కడా చిన్న తేడా అయినా చూపించలేదు. మరి నేనెలా నమ్మను?

ఆ ఆఖరి పేరా కొట్టెయ్యి. తాళంచెవులు కొత్తవాళ్ల చేతిలో పెట్టే చోట ఆపి చూడు. మెరుపు లేకపోతే పోనీ, ఎన్నో మంచి కథలకు అది లేదు. తిరగరాశాక నాకే ముందు పంపించు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో, తల్లీ.