దేహానికీ హక్కు ఉంది

నందిపేట్‌లో మాకు తెలిసిన ఒక ఇల్లు ఉంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి పొద్దంతా బీడీల చాట ముందు కూర్చుంటుంది. పెద్దమ్మాయికి బోధన్ నుండి సంబంధం వచ్చింది. చూసి వెళ్ళినవారు “పిల్ల మంచిదే గానీ కాస్త లావు” అన్నారట. నికాహ్‌కు నాలుగు నెలల వ్యవధి ఉంది. మర్నాటి నుండే ఆ అమ్మాయి ప్రతి రోజూ నఫిల్ ఉపవాసం మొదలుపెట్టింది. సహరీకి గ్లాసు నీళ్ళు, ఇఫ్తార్‌కు రెండు ఖర్జూరాలు, పడుకోబోయే ముందు ఒక జొన్నరొట్టె. అంతే. తల్లి మొదట మురిసిపోయింది. మూడో నెలకు దువ్వెన నిండా జుట్టు ఊడి వస్తుంటే, నెలసరి ఆగిపోతే భయపడి నా దగ్గరకు వచ్చింది. “ఆపా, రోజా వద్దని బిడ్డకు ఎట్ల చెప్పాలె? గునాహ్ కాదా?” అని అడిగింది.

ఇది ఆమె ఒక్కదాని సందేహం కాదు. ఆకలిని ఓర్చుకోవటం పుణ్యమైతే, ఎంత ఎక్కువ ఓర్చుకుంటే అంత పుణ్యం కదా అని మనలో చాలామంది అనుకుంటారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. ఈ సంగతి దైవప్రవక్త (సఅసం)కు తెలిసింది. ఆయన మెచ్చుకోలేదు, వారించారు. నీపై నీ దేహానికి హక్కు ఉంది, నీ కళ్ళకు ఉంది, నీ భార్యకు ఉంది, నీ అతిథికి ఉంది అని బోధపరిచారు. నెలకు మూడు ఉపవాసాలు చాలన్నారు. అబ్దుల్లాహ్ (రజి) తనకు శక్తి ఉందని పట్టుబట్టగా, చివరకు దావూద్ (అలైహిస్సలాం) పద్ధతి దగ్గర ఆపారు. అంటే రోజు విడిచి రోజు. ముసలితనంలో ఆయన, ప్రవక్త ఇచ్చిన ఆ సౌలభ్యాన్ని అప్పుడే స్వీకరించి ఉంటే బాగుండేదని అనుకునేవారు. ఆయన సంకల్పం కల్మషం లేనిది, కేవలం అల్లాహ్ కోసం. అయినా వారించారు. ఇక అద్దం కోసం, పెళ్ళివారి మాట కోసం చేసేదాన్ని ఏమనాలి? ఉపవాసం వల్ల బరువు తగ్గితే తప్పు లేదు. బరువు తగ్గటమే సంకల్పమైనప్పుడు మాత్రం దానికి రోజా అనే పేరు తొడగకూడదు.

పోనీ, అనుకున్న ఫలితమైనా దక్కుతుందా? మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గానని ఆ అమ్మాయి సంబరపడింది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలి. ఏమీ తినకున్నా వారంలో మూడు కిలోల కొవ్వు పోదు. మొదట పోయేది చాలావరకు కాలేయంలో, కండరాలలో నిల్వ ఉన్న పిండిపదార్థం, దానితోపాటు ఉండే నీరు. ఆ తరువాత కొవ్వు కరుగుతుంది గానీ కండ కూడా కరుగుతుంది. శరీరం దీన్ని కరువుగా భావించి ఖర్చు తగ్గించుకుంటుంది. చేతులు కాళ్ళు చల్లబడతాయి, నాడి నెమ్మదిస్తుంది, నీరసం వస్తుంది. పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదమూ ఉంది.

1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను 24 వారాలపాటు సగం ఆకలితో ఉంచాడు. వారు తమ అంతరాత్మ ఒప్పుకోక యుద్ధంలో ఆయుధం పట్టని వారు. యుద్ధంలో మాడిపోయిన ప్రజలకు తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకునేందుకు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. రోజుకు సుమారు 1,570 క్యాలరీలు ఇచ్చారు. మన అమ్మాయి తినేది అందులో సగం కూడా లేదు! వారి బరువు నాలుగో వంతు తగ్గింది. రాత్రీ పగలూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవారట. తిరిగి తినటం మొదలుపెట్టాక కండకంటే కొవ్వే ముందు వచ్చి చేరింది, మునుపటికంటే ఎక్కువగా.

అలాగని లావును వదిలేయమని ఎవరూ అనరు. తినండి, త్రాగండి గానీ మితిమీరకండి అన్నదే దివ్య ఖుర్ఆన్ బోధ. రమజాన్‌లో హలీమ్, సమోసాలతో బరువు పెంచుకునే మనకు అది గట్టిగానే తగలాలి. షుగర్, బి.పి. ఉన్నవారు బరువు తగ్గించుకోవటం అవసరం కూడా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో చొప్పున తగ్గితే క్షేమమని, బరువు తగ్గేవారి ఆహారం కూడా రోజుకు 1,000 క్యాలరీల కంటే దిగరాదని చెబుతోంది. అంతకంటే తక్కువ ఆహారం డాక్టరు చూపులో ఉండవలసిన విషయం, మనంతట మనం చేసేది కాదు.

నాకు ఇందులో అమ్మాయి తప్పుకంటే పెద్ద తప్పు మరొకటి కనిపించింది. ఎదిగిన పిల్లను సంతలో సరుకులా కళ్ళతో తూచి, ఒక మాట విసిరి, చాయ్ తాగి వెళ్ళిపోయినవారు ఆ మాటకు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పనక్కర లేదా?

ముందు డాక్టరమ్మకు చూపించమన్నాను. ఆమె సరే అనేంతవరకు ఉపవాసాలు ఆపమన్నాను. గునాహ్ కాదు, ప్రవక్త (సఅసం) వారించినదాన్ని మానుకోవటమే అని చెప్పాను. రెండు పూటలా పప్పు, గుడ్డు, ఆకుకూరతో రొట్టె. అస్ర్ తరువాత తల్లీబిడ్డలిద్దరూ చాట పక్కన పెట్టి అరగంట నడక. తల్లి తల ఊపింది గానీ లేవలేదు.

“మరి బోధనోళ్ళకు ఏం చెప్పాలె ఆపా?”

ఆ రాత్రి గల్ఫ్ నుండి ఫోన్ వస్తే ఆమె భర్తకు అంతా చెప్పిందట. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. మరునాడు ఆయనే బోధన్‌కు ఫోన్ చేశారు.