ముచ్చటా? మర్యాదా?

పాత టైపు మిషన్లు కొని బాగుచేసుకోవడం ఈమధ్య కొందరికి సరదా అయింది. మన దేశంలో మొట్టమొదటి టైపు మిషనును 1955లో తయారుచేసిన గోద్రెజ్ కంపెనీ 2009లో ఆ తయారీ ఆపేసింది. కనుమరుగైన వస్తువు మీదే కదా మనకి మోజెక్కువ!

ఒకరు కూడు కోసం కొట్టిన మీటల్ని ఇంకొకరు కులాసాకి కొట్టడం న్యాయమేనా అని నాకో శంక. లోయరూ హయ్యరూ పాసై, ఆ సర్టిఫికెట్టుతో గడప దాటి ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు ఎందరు! వాళ్ళకి అది ముచ్చట కాదు, నెల జీతం. నడుం నొప్పి కూడాను.

అయితే బాగుచేసే పద్ధతి తెలిశాక నా శంక కొంత తీరింది. అక్షరాల కడ్డీలు బిగుసుకుపోతే నూనె పోయకూడదు. దానికి దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటాయి. ఓపిగ్గా బ్రష్షుతో పాత జిడ్డు వదలగొట్టాలి. అంటే ముందు ఆ పనిముట్టు పని తెలుసుకోవాలి. పని తెలిస్తే, పనిచేసిన చేతుల మీద గౌరవం దానంతటదే వస్తుంది.

మరి తళతళా తుడిచి షోకేసులో పెట్టేస్తేనో? ఇంటి పెద్దావిడకి పట్టుచీర కట్టించి, కుర్చీలో కూచోబెట్టి, పలకరించకపోవడం లాంటిదే అది. పైకి మర్యాదే, లోపల నిర్లక్ష్యం.

కొన్నవారు వారానికో ఉత్తరమైనా దానిమీద కొట్టాలండీ. కార్బను పెట్టి కొడితే ఒక్క తప్పు అన్ని కాపీల్లోనూ పడుతుంది. ఒకప్పటి టైపిస్టు రోజంతా పడ్డ జాగ్రత్త ఒక్క పేజీతోనైనా తెలిసొస్తుంది. అలా తెలుసుకున్నవారి సరదాని తప్పని ఎవరనగలరు?