దారిలో దాచిన నీళ్ళు ఎవరివి?

పోయిన వీడియోలో ఆపద్ధర్మం గురించి చెప్పుకున్నాం కదా. దాని కింద చాలామంది ఒకటే అడిగారు: "ప్రాణం మీదకి వస్తే ఏం చేసినా తప్పు కాదా?" దీనికి నా దగ్గర శ్లోకం కన్నా ముందు ఒక సొంత అనుభవం ఉంది. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ క్యాన్యన్ ఉంది. మామూలుగా అందరూ పైనుంచి చూసి, ఫోటో దిగి వచ్చేస్తారు. నేనూ, మా ఫ్రెండూ అక్టోబర్‌లో పర్మిట్ తీసుకుని, వీపున బ్యాగులతో టానర్ ట్రైల్ మీదుగా కింద కొలరాడో నది దాకా దిగాం. దారి దాదాపు 9 మైళ్ళు, అంటే 14 కిలోమీటర్ల పైనే. దిగేది 4,700 అడుగులు. పై అంచు నుంచి నది దాకా ఎక్కడా నీళ్ళు లేవు. నీడ కూడా చాలా తక్కువ.

దిగుతుంటే ఎదురుగా ఒక పెద్ద శిఖరం కనిపిస్తుంది. దాని పేరు విష్ణు టెంపుల్. లోపల గుడి ఏమీ లేదు, అది కొండే. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు. అక్కడ బ్రహ్మ, శివ పేర్లతో కూడా శిఖరాలున్నాయి. పేరు చూసి దండం పెట్టుకుని మరీ దిగాం.

చలివేంద్రం కాదు

ఇలాంటి దారుల్లో ఒక అలవాటుంది. దిగేటప్పుడే కొన్ని నీళ్ళు సగం దారిలో ఒక రాయి చాటున దాచిపెడతారు, తిరిగి ఎక్కేటప్పుడు తాగడానికి. లీటరు నీళ్ళు కిలో బరువు కదా, అన్నీ నది దగ్గర నుంచి మొయ్యక్కర్లేదు. బాటిల్ మీద పేరు, తిరిగొచ్చే తేదీ రాస్తారు. మేమూ దాచాం. కాకపోతే సూపర్ మార్కెట్‌లో దొరికే పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో. ఎలుకలు కొరుకుతాయి, కాకులు పొడుస్తాయి, గట్టి బాటిల్ వాడండని ముందే చదివాం. "ఒక్క రెండు రోజులకి ఏమవుతుందిలే" అనుకున్నాం.

రెండు రాత్రులు నది ఒడ్డున ఉన్నాం. అక్కడ నీళ్ళు బురదగా ఉంటాయి. మన దగ్గర వరద నీళ్ళలో పటిక తిప్పినట్టు తిప్పి, తేటపడ్డాక ఫిల్టర్ చేసుకున్నాం. మూడో రోజు తలా మూడు లీటర్లతో ఎక్కడం మొదలుపెట్టాం. సగం దారికి వచ్చి చూస్తే మా డబ్బాకి అడుగున చిల్లు, లోపల చుక్క లేదు. అప్పటికి మా దగ్గర మిగిలింది తలా అర లీటరు. ఎండ నెత్తి మీదుంది.

పక్కనే వేరేవాళ్ళవి రెండు గట్టి బాటిళ్ళు. టేపు మీద పేర్లు, మర్నాటి తేదీ.

మన ఊళ్ళలో పెరిగిన వాళ్ళకి రోడ్డు పక్కన నీళ్ళ కుండ కనిపిస్తే ఎవరిదని అడిగే అలవాటు ఉండదు. ఎండాకాలం చలివేంద్రాలు పెట్టేదే దారినపోయే వాళ్ళ కోసం. శాస్త్రాల్లో దానికి ప్రపాదానం అని పేరు కూడా ఉంది. నా చెయ్యి అదే అలవాటుతో ముందుకెళ్ళింది. మా ఫ్రెండ్ ఆపాడు. "రేయ్, ఇది చలివేంద్రం కాదు. రేపు వీళ్ళు దీన్నే నమ్ముకుని వస్తారు."

కాసేపు కూర్చున్నాం. నాకు తల తిరుగుతోంది. చివరికి తీసుకున్నాం. వాడు అర లీటరు, నేను లీటరు. మ్యాప్ వెనక రాసి పెట్టాం: "లీటరున్నర తీసుకున్నాం. క్షమించండి. రేపు పొద్దున్నే తెచ్చిస్తాం."

ఉషస్తి ఎక్కడ ఆగాడు?

ఛాందోగ్య ఉపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడి కథ ఉంది. వడగళ్ళ వానకి కురుదేశంలో పంటలన్నీ పోయాయి. ఉషస్తి భార్యతో కలిసి ఏనుగులవాళ్ళ ఊళ్ళో తలదాచుకున్నాడు. ఒక మావటి నాసిరకం మినుములు తింటుంటే అవే పెట్టమని అడిగాడు. ఇవి తప్ప ఇంకేం లేవు, ఇవి నేను తింటున్నవి అన్నాడతను. పర్లేదు, ఇవ్వమన్నాడు ఉషస్తి. తిన్నాక మావటి తను తాగుతున్న నీళ్ళు కూడా ఇవ్వబోతే వద్దన్నాడు. "మరి మినుములు ఎంగిలి కావా?" అని మావటి అడిగాడు. అవి తినకపోతే బతికేవాణ్ణి కాదు, నీళ్ళు నాకు ఎక్కడైనా దొరుకుతాయి అని ఉషస్తి జవాబు.

ఎంగిలి సంగతి పక్కన పెడితే, ఈ కథలో నాకు ముఖ్యంగా అనిపించేది అతను ఆగిన చోటు. ప్రాణం నిలబడింది, ఇక మినహాయింపు అయిపోయింది. తర్వాతి గుక్కకి మళ్ళీ మామూలు నియమమే.

ఇప్పుడు నా లీటరు సంగతి. మొదటి అర లీటరుకే తల తిరగడం తగ్గింది. మా ఫ్రెండ్ అక్కడే ఆగాడు. రెండో అర లీటరు నేను తాగింది దాహంతో కాదు, భయంతో. పైన ఇంకా సగం దారి ఉందన్న భయం. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు ఆపద్ధర్మం.

ఇంకో తేడా కూడా ఉంది. ఉషస్తి మీద వడగళ్ళు పడ్డాయి, అది అతని తప్పు కాదు. మా ఆపద మేం కొన్న పల్చటి డబ్బాలోంచి వచ్చింది. బ్యాకప్ పెట్టుకోకుండా, సర్వర్ పడిపోయాక "ఎమర్జెన్సీ" అని అందరినీ నిద్రలేపడం లాంటిదే ఇది. అలాగని దాహంతో చచ్చిపోవాలా? అక్కర్లేదు. మహాభారతం శాంతిపర్వంలో విశ్వామిత్రుడు కరువులో కుక్క మాంసం దొంగిలించడానికి కూడా వెళ్ళాడు. ప్రాణం నిలుపుకోవడానికి మన ధర్మంలో చోటుంది. కానీ నిర్లక్ష్యం మనదైనప్పుడు బాకీ ఇంకా పెరుగుతుంది.

అదే శాంతిపర్వంలో శంఖ లిఖితుల కథ ఉంది. లిఖితుడు అన్న ఆశ్రమంలో అడక్కుండా పళ్ళు కోసుకు తిన్నాడు. అది దొంగతనం, రాజు దగ్గరికెళ్ళి చెప్పుకో అన్నాడు శంఖుడు. సుద్యుమ్న మహారాజు క్షమించడానికి సిద్ధపడినా లిఖితుడు ఒప్పుకోలేదు, అడిగి మరీ శిక్ష వేయించుకున్నాడు. చేతులు పోయాయి. తర్వాత బాహుదా నదిలో మునిగితే తిరిగొచ్చాయి. చిన్నప్పుడు ఇది విని, పళ్ళకి ఇంత శిక్షా అనుకునేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, తప్పు ఒప్పుకోవడానికి తనంతట తానే నడిచి వెళ్ళాడే, అదే గుర్తుంటోంది.

మర్నాడు

ఆ రాత్రి పైకి చేరి, తెల్లవారుజామున నాలుగు లీటర్లు పట్టుకుని నేనొక్కణ్ణే మళ్ళీ దిగాను. పైన దగ్గర్లోనే, రోడ్డు పక్కన కుళాయి తిప్పితే వచ్చిన నీళ్ళివి. సగం దారిలో అవే నీళ్ళు లేక వాళ్ళకి ఎంత కష్టమో దిగుతున్నకొద్దీ అర్థమైంది. లీటరుకి లీటరు తిరిగిచ్చినా, కావాల్సిన చోట, కావాల్సిన గంటకి అందకపోతే బాకీ తీరినట్టు కాదు.

తొమ్మిదిన్నరకి ఎదురయ్యారు. అరవై దాటిన దంపతులు. నేనే చెప్పాను, ఆ నోట్ నాదేనని. ఆయన నవ్వి, చూశామన్నాడు. అక్కడ ఆగి టిఫిన్ వండుకుని కాఫీ పెట్టుకుందామనుకున్నారట, నీళ్ళు తక్కువయ్యాయని మానేసి నడిచేశారట. కోపంగా కాదు, మామూలుగానే చెప్పాడు. నాలుగు లీటర్లూ ఇవ్వబోయాను. ఆవిడ తన బాటిల్‌లోకి లీటరున్నర కొలిచి పోసుకుని, మిగతాది తిరిగిచ్చేసింది.

నీళ్ళు ఇచ్చాను. ఆ కాఫీ మాత్రం ఇవ్వలేకపోయాను.

కాబట్టి "ప్రాణం మీదకి వస్తే ఏం చేసినా తప్పు కాదా" అన్నవాళ్ళకి నా జవాబు ఇది. తీసుకోవచ్చు, ప్రాణానికి సరిపడా. ఎంత తీసుకున్నామో రాసి పెట్టాలి. వెనక్కి వెళ్ళి ఇవ్వాలి, వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో నిలబడి వినాలి.

ఈ ఎండాకాలం మీ వీధిలో ఎక్కడైనా చలివేంద్రం పెడుతుంటే ఒక రోజు వెళ్ళి కుండలు నింపండి. నేను ఇండియా వచ్చినప్పుడు మా ఊళ్ళో అదే చేద్దామనుకుంటున్నా. మీ జీవితంలో ఇలాంటి లీటరున్నర ఏదైనా ఉంటే కింద రాయండి.

శ్రీకృష్ణార్పణమస్తు.