11 నెలల నేల

పత్తికి, మిరపకి మందులు అతిగా కొడుతున్నారని రైతుని తప్పుపట్టడం తేలిక. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందు కొట్టేకొద్దీ తెల్లదోమ పెరిగింది. పత్తి పోయింది, అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పాఠం అందరికీ తెలుసు. మరి చేతులెందుకు ఆగవు?

కౌలు ముందే కట్టి, పురుగుమందుల షాపులో అరువు పెట్టినవాడికి ఈ ఒక్క పంటే లెక్క. 2019 చట్టం కింద కౌలు కార్డుకి భూయజమాని సంతకం కావాలి. ఆ ఒప్పందం 11 నెలలే. నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు కౌలురైతువి కావు. అలాగని అతనికి బాధ్యత లేదనలేం, కోతకొచ్చే కూలి ఆడవాళ్లకీ ఆ విషం అంటుతుంది. ఇంటికే కౌలు అందే యజమానికి మాత్రం అంటదు. నేలని కాపాడమని అడిగేవాళ్లం, వచ్చే ఏడు కూడా ఆ చేను అతని చేతిలో ఉండేలా చూడమని ఎవర్ని అడుగుతున్నాం?