శిలానందియు సజీవ వృషభమును

శివాలయమున నందికి పూలమాల వేసిన భక్తుడే, వధశాలకు పోవునని తెలిసియు, సంతలో కోడెదూడను అమ్ముచున్నాడు. ఈ దోషమెవరిది?

ఒంగోలు జాతి విషయమున ఈ ప్రశ్న మిక్కిలి బాధించును. వదులైన చర్మము, వ్రేలాడు గంగడోలు, పొట్టి రోమములు, సమృద్ధములైన స్వేదగ్రంథులు గల ఆ పశువు మండుటెండలోను దుక్కి దున్నగలదు. 19వ శతాబ్దమున ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అచట ‘నెలోర్’ అను పేర కోట్ల సంఖ్యకు పెరిగినది. (1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే గదా!) అచట దానిని పెంచునది ముఖ్యముగా మాంసమునకు. పూజించు గడ్డపై క్షీణించి, భుజించు గడ్డపై వర్ధిల్లినది!

అట్లని భుజించుటయే రక్షణమనుట అవివేకము. రైతును నిందించుటయు న్యాయము కాదు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట, పనిలేని ఎద్దును ఏడాది పొడవునా మేపుట చిన్న కమతము వానికి తలకు మించిన భారము. ‘బసవ’ నామము వృషభ శబ్దమునుండి పుట్టినదే. కాయకమును బోధించిన ఆ మహనీయుని పేరు గల పశువునకే నేడు కాయకము లేకపోయినది.

పూర్వము పల్లెలలో మేలైన కోడెదూడను ఎంచి, అచ్చు వేసి, దైవము పేర ఆబోతుగా విడిచెడివారు. అది ఏ చేలో మేసినను అదలించెడివారు కారు. ఊరి ఆవులకు అదియే బీజము. జాతి నిలుచుటకు ఆ ఆచారమొక పెద్ద ఆధారము. దాని మేత ఊరందరి పాలు. నేడు ఎద్దు మేత ఒక్క రైతు పాలైనది. భూములు గల మఠములలో ఎన్ని ఒక్క ఆబోతునైనను పోషించుచున్నవి?