ప్రమాణం పేరిట ఉచ్చు

నేరమేమిటో చెప్పకుండానే, అడిగినదానికల్లా నిజం చెబుతానని ఒక మనిషిచేత దైవం పేరిట ప్రమాణం చేయించడం న్యాయమేనా? ఈ ప్రశ్న నేటిది కాదు.

ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్ రాజభవనంలో స్టార్ చాంబర్ అనే న్యాయస్థానం ఉండేది. పైకప్పు మీద చిత్రించిన నక్షత్రాలవల్ల ఆ పేరు వచ్చిందంటారు. మొదట్లో అది మేలే చేసింది. మామూలు కోర్టులు భయపడే ప్రభువులను రాజు సలహాదారులు, పెద్ద న్యాయమూర్తులు అక్కడ నిలదీసేవారు. జ్యూరీ ఉండేది కాదు. బలవంతులను లొంగదీయడానికి పనికొచ్చిన ఆ వెసులుబాటే మొదటి ఛార్లెస్ కాలంలో రాజునూ, చర్చి పెద్దలనూ విమర్శించేవారి మీదికి మళ్ళింది. 1637లో ఒక వకీలు, ఒక వైద్యుడు, ఒక మతబోధకుడు తమ రాతలకు చెవులు కోయించుకున్నారు.

అదే ఏడాది చివర, అనుమతిలేని పుస్తకాలు హాలెండు నుంచి తెప్పించాడని జాన్ లిల్‌బర్న్ అనే యువకుణ్ణి పట్టుకున్నారు. ప్రమాణం చేయమంటే అతడు చేయలేదు. ఎందుకో గమనించండి. దైవభయం లేనివాడు ఎన్ని ప్రమాణాలైనా చేసి, అబద్ధమాడి బయటపడతాడు. విశ్వాసి మాత్రం ఇరుక్కుంటాడు. నిజం చెబితే శిక్ష, అబద్ధమాడితే పాపం, మౌనం వహిస్తే ధిక్కారం! అంటే అతని దైవభీతినే అతని మెడకు ఉచ్చుగా బిగించారన్నమాట. మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది ఇదే. 1638లో లిల్‌బర్న్‌ను బండికి కట్టి వీధుల వెంట కొరడాలతో కొట్టారు. 1641లో పార్లమెంటు ఆ న్యాయస్థానాన్నే రద్దు చేసింది.

పేరు పోయినా పద్ధతి పోలేదు. 1947లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి సినిమా రచయితలనూ, దర్శకులనూ పిలిచి మీరు కమ్యూనిస్టులా అని అడిగింది. జవాబివ్వని పదిమంది 1950లో జైలుపాలయ్యారు. ఇతరుల పేర్లు చెప్పినవారికి పని దొరికింది, చెప్పనివారికి దొరకలేదు.

అయితే ప్రతి విచారణనూ స్టార్ చాంబర్ అనడం కూడా అన్యాయమే. నేడు దర్యాప్తు తమదాకా రాగానే నాయకులు ఈ మాటే ఎత్తుకుంటారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన సంభాషణల టేపులు అప్పగించాలని 1974లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ నిలదీసింది అధికారాన్ని, అడిగింది జరిగిన పని గురించి. హాలీవుడ్ రచయితలను అడిగింది మనసులోని నమ్మకం గురించి. ఈ తేడా చూడకుండా తీర్పు చెప్పలేము. మన రాజ్యాంగంలోని 20(3) అధికరణం కూడా నిందితుణ్ణి తనకు తానే వ్యతిరేక సాక్షిగా నిలబెట్టరాదంటుంది.

1956లో నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ అదే కమిటీ ముందుకు వచ్చాడు. తన గురించి అడిగినవి చెప్పాడు. సమావేశాల్లో ఇంకెవరున్నారంటే మాత్రం చెప్పలేదు. 1957లో దోషి అన్నారు, 1958లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.