పాలు తల్లివి, పొద్దు ఎవరిది?

మా పాడేరు మన్యంలో కాఫీ పళ్లు కోసే రోజులవి. నాలుగో తరగతి పిల్ల ఒకతె ఐదు నెలల తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చింది. చేతిలో పాలసీసా. "ఆరు నెలలదాకా తల్లిపాలే పట్టాలని గోడమీద రాసుంది, చదవలేదా?" అని కసిరాను. సాయంత్రం తల్లి వచ్చింది. "ఇంటికాడ కూకుంటే కూలి ఎవులిస్తారు టీచరమ్మా? మీకైతే సెలవిచ్చారు" అంది.

నా దగ్గర జవాబు లేదు. నా బిడ్డ పుట్టినప్పుడు ప్రభుత్వం 180 రోజులు జీతంతో సెలవిచ్చింది. ఆరు నెలలు పాలివ్వగలిగానంటే నా గొప్ప కాదు, ఆ సెలవు వల్ల. అది లేని మనిషికి అదే నియమం చెప్పి, పాటించలేదని తప్పు పట్టడం ధర్మమేనా?

నియమం తప్పని నేననను. సీసా మరగబెట్టకపోయినా, నీళ్లు కాచకపోయినా పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. పుట్టిన గంటలోపే పట్టాల్సిన ముర్రుపాలను మా పెద్దవాళ్లు కొందరు చెడ్డపాలని పిండి పారబోసేవారు. ఆ అలవాటు పోవడం మంచిదే.

కానీ దానితోపాటు ఒక మంచీ పోయింది. పోడు పనికి తల్లి బిడ్డను గుడ్డతో కట్టుకుని వెళ్లేది. బిడ్డ ఏడిస్తే పని ఆపి పాలిచ్చేది. పని తనది, పొద్దూ తనదే. ఇప్పుడు కూలిపని. పాలు తల్లివే, పొద్దు మాత్రం పిలిచినవాళ్లది.

పిలిచేదెవరు? మన్యంలో కాఫీ తోటలు చాలావరకు మన గిరిజన రైతులవే. మా ఇంటికీ చిన్న తోట ఉంది. మా కోతకూ చంటిబిడ్డల తల్లులు వచ్చారు. బిడ్డను ఎక్కడ వదిలొచ్చావని నేను ఒక్కరినీ అడగలేదు.

పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురైనా ఉంటే, వాళ్లను చూసుకోను ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలివ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. మన తోటలకు ఆ చట్టం వర్తించకపోవచ్చు. ఆ న్యాయం మాత్రం వర్తిస్తుంది. చెట్టునీడన ఒక ఉయ్యాల, దగ్గర ఒక ముసలమ్మ, పాలివ్వడానికి వెళ్లిన తల్లికి కోయని కూలి. ఇవి మన చేతిలో పనులే.

మర్నాడు ఆ పిల్లను పిలిచి, తప్పు నాదన్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి ఉపాధ్యాయులూ, గోడమీది మాట తల్లికి చదివి వినిపించేముందు, ఆమె పొద్దులో మనం ఎంత తీసుకున్నామో లెక్క చూసుకుందాం.